వల కొనే ముందు నేలను చూడండి

మా చీనీ తోటకి ఎవరొచ్చినా ముందు కోళ్లను చూస్తారు. తర్వాత వాటి చుట్టూ నిలబడి ఉన్న తెల్లటి వలను చూస్తారు. రెండడుగుల దూరంలోనే ఆగి, అందరూ అడిగే మొదటి మాట ఒకటే: "ఇది ఎంత పడిందన్నా?" నేను వెంటనే రేటు చెప్పను. "మీది ఏం నేల? ఎండాకాలంలో గడ్డపార ఎంత లోతు దిగుతాది?" అని ఎదురు అడుగుతాను. కోళ్ల గురించి అడిగితే నేల గురించి మాట్లాడతాడేమిటని కొంతమంది వింతగా చూస్తారు. ఆ ప్రశ్న నేను 23 పెట్టల్ని పోగొట్టుకుని నేర్చుకున్నది. ఈ పూట దాని గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందు ఈ వల ఏమిటో చెప్తాను, చూడని వాళ్ల కోసం. మడిచి ఉన్నప్పుడు చంకలో పెట్టుకుని నడవచ్చు. గుంజలతో కలిపి 50 మీటర్ల చుట్ట సుమారు 10 కిలోలు తూగుతుంది. విప్పితే నిలువుగా ప్లాస్టిక్ పోగులు, అడ్డంగా పన్నెండు దాకా తాళ్లు. అడ్డ తాడును వేళ్ల మధ్య పెట్టి పురి విప్పి చూడండి. ప్లాస్టిక్ దారాలతో పాటు వెంట్రుకంత సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు పోగులు కనిపిస్తాయి. కరెంటు నడిచేది వాటిలోనే. అన్నిటికంటే కింద నేలకు ఆని ఉండే తాడులో మాత్రం స్టీలు పోగు ఉండదు, ఉంటే కరెంటంతా అక్కడే మట్టిలోకి దిగిపోతుంది. కింది కళ్లు చిన్నవి, రెండంగుళాల ఎత్తువి. పైకి పోయే కొద్దీ కళ్లు పెద్దవవుతాయి. ప్రతి మూడున్నర మీటర్లకో ప్లాస్టిక్ గుంజ, దాని అడుగున ఇనుప మేకు. పొద్దున ఒక చోట పాతి, పది రోజులకు పీకి ఇంకో చోట పాతుకోవచ్చు. దీని గొప్పతనమంతా ఆ కదలడంలో ఉంది.

కరెంటు కంచె పుట్టింది మన దగ్గర కాదు. 1930ల్లో న్యూజిలాండ్‌లోని హామిల్టన్ ప్రాంతంలో బిల్ గాలగర్ అనే ఆయన కారుకు ఒక గుర్రం వచ్చి ఒళ్లు రుద్దుకునేదట. దాన్ని మాన్పించడానికి కారుకే చిన్న షాక్ ఏర్పాటు చేశాడని, ఆ ఆలోచనే పాడిరైతుల కంచెగా మారిందని చెప్పుకుంటారు. తీగ కంచె తర్వాత గొర్రెల కోసం వలలొచ్చాయి, కళ్లు ఇంకా చిన్నవి చేసి కోళ్లకు తెచ్చారు. ఇంగ్లండ్‌లో, అమెరికాలో పచ్చిక మీద కోళ్లు పెంచే చోట ఇవి మామూలు సామాను. అక్కడి నేలలో చాలా నెలలు తేమ ఉంటుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మాది అనంతపురం జిల్లా. ఎర్ర నేల, గరుసు. నాలుగేళ్ల కిందట చీనీ చెట్ల మధ్య 150 గ్రామప్రియ పెట్టల్ని వదిలాను. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన జాతి అది. చెట్ల కింద గడ్డి, పురుగు ఏరుకుని తింటాయి, దాణా కొంత కలిసొస్తుంది, చెట్ల మొదట్లోనే ఎరువు పడుతుంది అని ఆశ. మొదట పాత చేపల వల చుట్టాను. నెల తిరగకముందే కుక్కలు దాన్ని చింపి పోగులు పెట్టాయి. అప్పుడు ఈ కరెంటు వల తెప్పించాను. దుకాణంలో రెండు చుట్టల వల, ఒక షాక్ మిషను, రెండడుగుల ఇనుప కడ్డీ ఒకటి కట్టిచ్చారు. ఎర్తింగుకు ఇదొక్కటి చాలా అని అడిగితే చాలన్నారు. వానలు పడుతున్న రోజులు. వల కట్టిన సాయంత్రమే ఊరకుక్క ఒకటి వచ్చి ముక్కు పెట్టి, కుయ్యిమని చెరువు కట్ట దాకా పరుగెత్తింది. ఇక గట్టెక్కామనుకున్నాను. ఆ ధీమాలో రాత్రి కోళ్లను గూట్లోకి తోలడం కూడా మానేశాను. చెట్టు కింద అడ్డ కర్రల మీదే పడుకునేవి.

మార్చి నెలాఖరుకి నేల నెర్రెలిచ్చింది. ఒక పొద్దున పోయేసరికి తోటంతా ఈకలు. వల నిలబడినట్టే నిలబడి ఉంది. మిషను టిక్కు టిక్కుమని కొట్టుకుంటూనే ఉంది. ఒక్క చోట మాత్రం అడుగు తాడు జానెడు ఎత్తు లేచి, దానికి గోధుమరంగు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. 23 పెట్టలు. కొన్నిటిని తినలేదు కూడా, మెడ కొరికి పడేసి పోయాయి. మిగిలినవి చీనీ కొమ్మల్లో ముడుచుకుని, ఎంత పిలిచినా దిగలేదు. ఆ వారమంతా గుడ్లు లేవు.

వల తయారీలోనే ఏదో లోపం ఉందని నేను కోపంతో ఊగిపోతున్నాను. మా తోట పక్కన గొర్రెలు మేపే పెద్దాయన ఒకరు వచ్చి, వల వైపు కాకుండా ఎర్తు కడ్డీ దగ్గరకు పోయి కూర్చున్నాడు. కడ్డీని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. అది ఊగింది. చుట్టూ మట్టి గుల్లగా రాలింది.

"ఈడ తడే లేదు కదప్పా. కరెంటు మళ్లా ఇంటికి ఎట్లా వస్తాది?" అన్నాడు.

ఆయన చదువుకున్నవాడు కాదు. నాకు మాత్రం ఆ ఒక్క ప్రశ్నతో బుర్రలో దీపం వెలిగింది. మీటరు తెచ్చి పెట్టి చూస్తే వల మీద 1,400 వోల్టులు. కడ్డీ మొదట్లో రెండు బిందెల నీళ్లు పోసి, ఒక బీడీ కాల్చేంత సేపు ఆగి మళ్లీ చూస్తే 3,600. వల అదే, మిషను అదే. మధ్యలో రెండు బిందెల నీళ్లు.

అసలు జరిగేది ఇది. మిషనులోంచి బయల్దేరిన దెబ్బ వల తాడు మీదుగా కుక్క ముక్కులోకి, ఒంట్లోకి, కాళ్లలోంచి నేలలోకి దిగుతుంది. నేలలోంచి నడిచి ఎర్తు కడ్డీకి చేరి, అక్కణ్నుంచి మిషనుకు తిరిగి వస్తేనే చుట్టు పూర్తవుతుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా కుక్కకు ఏమీ తెలియదు. స్టీలు పోగుల్లో కరెంటు సులువుగా పోతుంది, ముక్కు తడిగానే ఉంటుంది కాబట్టి అక్కడా అడ్డం లేదు. ఇంక మిగిలింది కాలి కింది మట్టి, కడ్డీ చుట్టూ ఉన్న మట్టి. ఎండిన ఎర్రమట్టి, గరుసు, ఇసుక కరెంటును దాదాపు రానివ్వవు. అంటే మనం డబ్బు పోసి కొన్న కంచెలో సగం భాగం మనకు కనపడకుండా భూమిలో ఉంది. ఆ సగాన్ని ఎవరూ కట్టివ్వరు, మనమే కట్టుకోవాలి.

అందుకని వల కంటే ముందు ఎర్తింగు గురించి గట్టిగా చెప్తాను. గాల్వనైజు చేసిన కడ్డీలు వాడండి, తుప్పు పట్టిన పాత ఇనుము వద్దు, తుప్పు కూడా కరెంటును ఆపుతుంది. మా తోటలో ఆరడుగుల కడ్డీలు మూడు దింపాను, ఒకదానికొకటి మూడు మీటర్ల ఎడం ఇచ్చి, మూడింటినీ ఒకే తీగతో బిగించాను. ఎక్కడ దింపాలంటే ఏడాది పొడవునా తడి ఉండే చోట. నాకు డ్రిప్పు పైపు మొదటి చెట్టు దగ్గర, పశువుల నీళ్ల తొట్టి పొర్లే చోట దొరికింది. బోరు కేసింగు పైపు లోతుగా ఉంది కదా, దానికే కట్టేద్దాం అని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. మోటారు ఎర్తింగు చాలా చోట్ల దానికే ఉంటుంది. ఇంటి ఎర్తింగుకు, మోటారు ఎర్తింగుకు ఈ కడ్డీలు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి. లేదంటే వల మీద ఉండాల్సిన దెబ్బ కుళాయి మీదకో, మోటారు పెట్టె మీదకో వస్తుంది.

ఎర్తింగు సరిపోయిందో లేదో అనుమానంతో బతకనక్కర్లేదు, పరీక్ష ఉంది. మిషను ఆపి, దూరంగా ఉన్న చివరలో వలకు రెండు మూడు ఇనుప కడ్డీలు ఆనించి, వాటి మొనలు నేలలో గుచ్చండి. మిషను వేసి మీటరు పెట్టండి. వల మీద 2,000 వోల్టుల కంటే దిగాలి, దిగకపోతే ఇంకో కడ్డీ ఆనించండి. ఇప్పుడు మీటరును ఎర్తు కడ్డీకి తగిలించి, దాని రెండో మొనను తీగ అందినంత దూరంలో నేలలో గుచ్చి చూడండి. అక్కడ 300 వోల్టులు దాటి చూపిస్తే మీ ఎర్తింగు చాలదు, ఇంకో కడ్డీ దింపాలి. ఈ పరీక్ష వానాకాలంలో చేసి సంతోషపడితే లాభం లేదు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి చేయండి. అప్పుడు నెగ్గిన ఎర్తింగు ఏడాదంతా నెగ్గుతుంది.

ఇక వల ఎంపిక. మామూలు వలలో కింది తాడు తప్ప అడ్డ తాళ్లన్నీ కరెంటువే, తిరుగు దారి నేల ఒక్కటే. కోనసీమ కొబ్బరితోటల్లాంటి తడి నేలకు, గోదావరి, కృష్ణా కాలువల కింది భూములకు అది చక్కగా సరిపోతుంది. రెండో రకం ఉంది. అందులో ఒక తాడు కరెంటుది, దాని పైది ఎర్తుది, మళ్లీ కరెంటుది, ఇలా ఒకటి విడిచి ఒకటి వస్తాయి. జంతువు రెండింటినీ ఒకేసారి తాకితే చాలు, నేలతో పని లేకుండా దెబ్బ తగులుతుంది. మా అనంతపురం, మహబూబ్‌నగర్ చెలకలు, ప్రకాశం జిల్లా పడమటి మెట్ట, వీటికి నేను రెండో రకమే చెప్తాను. అందులో ఒక చిక్కుంది. వల వదులై కరెంటు తాడు, ఎర్తు తాడు ఒకదాన్నొకటి తాకితే మొత్తం వల చచ్చిపోతుంది. కాబట్టి ఆ రకం కొనేవాళ్లు గుంజలు ఎక్కువ కొనాలి, మూలల్లో తాడు వేసి లాగి కట్టాలి. బద్ధకిస్తే మామూలు వల కంటే అదే ముందు మోసం చేస్తుంది.

మేకు సంగతి కూడా నేలను బట్టే. ఒంటి మేకు గుంజలు మెత్తటి నేలకు. గట్టి నేలకు రెండు మేకుల గుంజ తీసుకోండి, మధ్యలో కాలు పెట్టి తొక్కడానికి పట్టీ ఉంటుంది. అయినా మే నెలలో మా నేలలో అది దిగదు. గడ్డపారతో చిన్న బెజ్జం వేసి, చెంబుడు నీళ్లు పోసి, పావుగంట ఆగి దింపుతాను. సుత్తితో గుంజ నెత్తిన కొడితే ప్లాస్టిక్ పగులుతుంది. ఎండకు తట్టుకునే ప్లాస్టిక్ అని రాసి ఉందో లేదో చూసుకోండి, మన ఎండలకు నాసిరకం గుంజలు రెండో వేసవికే పెళుసెక్కుతాయి. రంగు తెలుపో పసుపో తీసుకోండి. రాత్రి కుక్కకూ కనపడాలి, వెన్నెల లేని రోజు మన కాలికీ కనపడాలి.

మిషను దగ్గర చాలామంది వోల్టులే అడుగుతారు. వోల్టులు అన్ని మిషన్లూ చూపిస్తాయి. గడ్డి తగిలినా, వల పొడవైనా ఆ వోల్టులు నిలబడాలంటే దమ్ము ఉండాలి. ఆ దమ్మును జౌల్‌లలో కొలుస్తారు. 50 మీటర్ల కోళ్ల వల ఒక్కోదానికి కనీసం పావు జౌల్ అన్నది వాడుకలో ఉన్న లెక్క. రెండు వలలకు అర జౌల్ చాలాలి. వానాకాలం గడ్డిని లెక్కలో వేసుకుని నేను ఒక జౌల్ మిషను పెట్టుకున్నాను. ఇక్కడ ఒక మాట అడిగి తీరాలి: పెట్టె మీద రాసింది లోపల నిలవ చేసే జౌల్‌లా, బయటికి కొట్టే జౌల్‌లా? రెండూ ఒకటి కావు, బయటికొచ్చేది ఎప్పుడూ తక్కువే. మనకు కావలసింది బయటి లెక్క. వల మీద రోజూ 5,000 వోల్టుల పైన ఉండాలని నా పట్టుదల. 3,000 కంటే దిగితే ఆకలిగా ఉన్న కుక్క లెక్కచేయదు.

సోలార్ మిషనైతే పలక దక్షిణం వైపు చూడాలి, చెట్టు నీడ పడకూడదు. బ్యాటరీ మూడు రోజులు వరసగా మబ్బు పట్టినా ఆడేంత ఉండాలి. కోళ్ల దొంగలు వచ్చేది రాత్రి, మబ్బు రోజుల్లో మరీ వస్తాయి. పగలు బాగా పనిచేసి తెల్లవారుజామున మూడింటికి ఆగిపోయే మిషను మనకెందుకూ పనికిరాదు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం. దగ్గర కూర్చుని వినండి. మిషను కొనడానికి డబ్బు లేదనో, అడవిపందుల బాధ పడలేకనో, లైను మీద కొక్కేలు తగిలించి నేరుగా కరెంటును కంచెకు కలిపే పని మన ఊళ్లలో జరుగుతోంది. ఆ కంచెకు తగిలి తెల్లారి నీళ్లు కట్టడానికి పోయిన రైతులు పోతున్నారు, కట్టెలకు పోయిన ఆడవాళ్లు పోతున్నారు, ఏనుగులు పోతున్నాయి. కట్టినవాడే మరచిపోయి తగిలి పోయిన ఇళ్లూ ఉన్నాయి. లైనుకు కొక్కెం వేయడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం దొంగతనం, మనిషి పోతే అది ఇంకా పెద్ద కేసు. కేసు సంగతి పక్కన పెట్టినా, పోయిన మనిషిని ఎవరు తెస్తారు?

5,000 వోల్టుల వల మనిషిని చంపదా, 230 వోల్టుల లైను చంపుతుందా అని అడుగుతారు. అవును, అంతే. ఇంటి లైనులో కరెంటు ఆగకుండా పారుతుంది. చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగను వదలలేం, ఆ లోగా గుండె లయ తప్పుతుంది. మిషను దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, మళ్లీ కొట్టడానికి సెకను పైన ఆగుతుంది. ఆ విరామంలో కండరం వదులవుతుంది, జంతువైనా మనిషైనా వెనక్కి దూకుతారు. ప్రమాణాలకు తగ్గ మిషనులో ఒక్క దెబ్బ 5 జౌల్‌లు దాటకూడదన్న హద్దు కూడా ఉంది. ముద్ర లేని, పెట్టె మీద ఏ వివరమూ లేని మిషన్లు సంతలో చవగ్గా దొరికితే తాకకండి. ఒకే వలకు రెండు మిషన్లు కలపకండి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండాల్సిన ఆ విరామం పోతుంది. ముళ్లతీగకు ఎప్పుడూ షాక్ ఇవ్వకండి, తగిలినవాళ్లు విడిపించుకోలేరు. పై లైన్ల కింద వల పాతకండి. దారి వైపు పసుపు పలక మీద "కరెంటు కంచె" అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి కట్టండి. చదవలేని పిల్లల కోసం మెరుపు బొమ్మ వేయండి. గుండెకు యంత్రం పెట్టించుకున్నవాళ్లను దాని దరిదాపులకు రానివ్వకండి.

ఎన్ని చుట్టలు కొనాలన్న దగ్గర ఒక చిన్న లెక్క ఉంది, చాలామందికి తట్టదు. ఒక్క 50 మీటర్ల వలను చదరంగా పాతితే పక్కకు పన్నెండున్నర మీటర్లు, లోపల సుమారు 156 చదరపు మీటర్లు, అంటే నాలుగు సెంట్లు కూడా లేదు. రెండు వలలు కలిపి పాతితే పక్కకు 25 మీటర్లు, లోపల 625 చదరపు మీటర్లు. పదిహేనున్నర సెంట్లు, తెలంగాణ లెక్కలో ఆరు గుంటల పైచిలుకు. డబ్బు రెట్టింపైతే చోటు నాలుగు రెట్లయింది. యూరప్ దేశాల్లో ఆరుబయట తిరిగిన కోడి గుడ్లు అని ముద్ర వేసుకోవాలంటే పెట్టకు 4 చదరపు మీటర్ల బయలు ఉండాలి. ఆ లెక్కన రెండు వలల్లో 156 పెట్టలు పడతాయి. నా 150కి రెండు కొన్నది ఇందుకే. మా నేలలో గడ్డి పలుచన కాబట్టి పది రోజులకే చోటు మారుస్తాను. పొడుగ్గా చెట్ల వరస వెంట పాతాలనుకుంటే చోటు తగ్గుతుంది, అది ముందే తెలుసుకుని కొనండి.

ఎత్తు రెండు రకాలు దొరుకుతాయి, 42 అంగుళాలు, 48 అంగుళాలు. వనరాజా లాంటి బరువైన పక్షికి మొదటిది చాలు. గ్రామప్రియ తేలికైనది, నేను 48 తీసుకుని, ఒక్క రెక్క మీద పొడుగు ఈకలు కత్తిరిస్తాను. రెండు రెక్కలూ కత్తిరిస్తే సమంగా ఎగురుతుంది, ఒక్కటే కత్తిరిస్తే పక్కకు ఒరుగుతుంది. ఇక అసీల్, మన పందెం జాతి, చెట్టెక్కి పడుకునే పక్షి. దాన్ని నాలుగడుగుల వల ఆపుతుందని ఆశ పెట్టుకోకండి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. కోడికి ఈకలు కంబళి లాంటివి, ఒళ్లు తగిలితే దానికి దెబ్బ తెలియదు. తురాయో ముక్కో తగిలినప్పుడే తెలుస్తుంది, అప్పుడు నేర్చుకుంటుంది. పిల్లలైతే ఆ కళ్లలోంచి సులువుగా బయటికి పోతాయి. అవి పెద్దయ్యే దాకా గంప కిందో, ఇనుప జాలీలోనో ఉండాలి. ఈ వల ముఖ్యంగా బయటివాళ్లను ఆపడానికి. కుక్కను ఆపుతుంది, నక్కను ఆపుతుంది, అడవి పిల్లి ముక్కు పెడితే దాన్నీ ఆపుతుంది. ముంగిస సన్నటిది, కొన్నిసార్లు దూరుతుంది. పైనుంచి వచ్చే గద్దకు ఈ వల ఉన్నా లేనట్టే, దానికి చెట్ల నీడే రక్ష. అందుకని ఆ మార్చి రాత్రి తర్వాత ఎంత వల ఉన్నా సరే, పొద్దు గుంకగానే కోళ్లను గూట్లోకి తోలి తలుపు వేస్తాను.

విషపు ఎరలు పెట్టేవాళ్లను చూశాను. నక్క కోసం పెడితే ఊరి పెంపుడు కుక్కలు, కాకులు, నెమళ్లు తిని పడిపోతాయి. ఈ వల దెబ్బ తిన్న జంతువు ప్రాణంతో పోతుంది, మళ్లీ రాదు. నాకు ఈ వల మీద ప్రేమ అందుకే. కానీ కరెంటు లేకుండా వదిలేసిన వల ఉరితాడే. ఒకసారి నేను మిషను ఆపేసి రెండు రోజులు ఊరికి పోయాను. వచ్చేసరికి జెర్రిపోతు ఒకటి వల కంట్లో సగం దూరి, వెనక్కి రాలేక, ఎండకు మాడి చచ్చిపోయి ఉంది. ఎలుకలు తిని నా దాణా కాపాడిన పాము అది. కొమ్ములున్న మేక తల పెట్టినా అంతే, గింజుకున్న కొద్దీ మెడకు చుట్టుకుంటుంది. వాడకపోతే ఆ పూటే చుట్టి లోపల పెట్టండి. వాడుతుంటే రోజూ పొద్దున ఒకసారి వల వెంట నడవండి.

చోటు మార్చడానికి నాకూ నా భార్యకూ ముప్పావు గంట పడుతుంది. ముందు కొత్త చోట వల పడే గీత మీద గడ్డి మొదలంటా కోస్తాం, రెండు జానల వెడల్పు. పచ్చి గడ్డి ఆకు ప్రతిదీ ఒక చిన్న ఎర్తు తీగ, వంద ఆకులు తగిలితే మిషను దమ్మంతా అక్కడే పోతుంది. మిషను ఆపి, గుంజలు ఒక్కొక్కటే పీకి, వలను చేతి మీద చీర మడత పెట్టినట్టు మడుస్తూ పోతాం. నేల మీద ఈడ్చితే చిక్కు పడుతుంది, ఆ చిక్కు విప్పేసరికి చీకటి పడుతుంది. కోళ్లు లేచిన చోట పదిహేను రోజుల్లో గడ్డి ముదురు పచ్చగా వస్తుంది. ఒకే చోట ఉంచితే పెంట పేరుకుని, పురుగులూ రక్తపు పారుడూ పట్టుకుంటాయి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జోయెల్ సలాటిన్ అనే రైతు ఆవులు మేసి పోయిన మూడు రోజులకు కోళ్లను అదే పచ్చిక మీదకు తోలతాడు. పేడలో పెరిగిన ఈగ పురుగుల్ని కోళ్లు చిదిమి తింటాయి, పేడ పరుచుకుంటుంది. మాకు ఉన్నవి రెండు ఆవులే, కానీ చీనీ చెట్ల మధ్య అవి కట్టేసిన చోటే తర్వాత కోళ్ల వంతు వస్తోంది.

చివరగా ఒక ఉపాయం, ఇది రేడియో వింటున్న మీకు బాగా పనికొస్తుంది. వల మీద వోల్టులు తగ్గాయి, ఎక్కడ కారుతోందో కంటికి కనపడటం లేదు అనుకోండి. ఇంట్లో ఉన్న ట్రాన్సిస్టర్‌ను మీడియం వేవ్‌లో, ఏ స్టేషనూ రాని చోట పెట్టండి. శబ్దం పెంచి వల వెంట మెల్లగా నడవండి, తాకకుండా. నిప్పురవ్వ పడుతున్న చోటికి దగ్గరయ్యే కొద్దీ గరగర మధ్యలో టిక్, టిక్ అని గట్టిగా వినిపిస్తుంది. అక్కడ వంగి చూడండి. నాకు కిందటి వారం అలాగే దొరికింది. చీనీ ముల్లు ఒకటి గాలికి వచ్చి రెండు తాళ్ల మధ్య ఇరుక్కుంది. మిషను ఆపి ముల్లు తీసేశాక మీటరు 5,800 చూపింది. తిరిగి వస్తూ తొట్టి దగ్గర కడ్డీకి ఒక బిందె నీళ్లు పోసి వచ్చాను. ఏప్రిల్ కదా.